ఎనిమిది నదులు లేని ఊరు

ఓచో రియోస్! స్పానిష్‌లో ఎనిమిది నదులని అర్థం. జమైకా ఉత్తర తీరంలో కరీబియన్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో వేళ్లు మడిచి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఎనిమిది నదులు మాత్రం తేలవు. అసలు పేరు లాస్ చొర్రెరాస్, అంటే నీటి ధారలు. 1655లో దీవిని స్పెయిన్ చేతుల్లోంచి లాక్కున్న ఇంగ్లిష్‌వాళ్ల నోట నలిగి నలిగి ఇలా తయారైందంటారు. పేరు తప్పే కానీ, నీళ్లకు మాత్రం కరవు లేదు.

అమెరికాలో కొడుకు దగ్గరికి ఆరునెలల వీసా మీద వెళ్లిన తెలుగు అమ్మానాన్నలకు నయాగరా, డిస్నీ అయ్యాక మిగిలేది ఈ ఓడ ప్రయాణమే. ఫ్లోరిడాలో ఎక్కితే కరీబియన్ దీవులు చుట్టేసి రావచ్చు. అలా ఓచో రియోస్‌లో దిగిన ఓ గుంటూరు కుటుంబం చేతిలో ఉన్నది ఒక్క పగలు. సాయంత్రం ఓడ కూత వేసేలోగా మళ్లీ ఎక్కేయాలి.

ఒక్క పగలే అయితే ఎవరైనా ముందు వెళ్లేది డన్స్ రివర్ జలపాతానికే. దీన్ని కింద నిలబడి చూసి రావడం కాదు, ఎక్కాలి. సముద్రపు ఇసుకలో మొదలుపెట్టి దాదాపు 600 అడుగుల పొడవునా మెట్లుమెట్లుగా దూకే నీటికి ఎదురెక్కడమే ఇక్కడి సరదా. జారకుండా రబ్బరు బూట్లు వేసుకుంటారు. చీరతో కుదిరే పని కాదు. మనవరాలి పోరు పడలేక నానమ్మ చుడీదార్ వేసుకుంది గానీ, నీళ్లు చూడగానే వెనకడుగు వేసింది.

''నాకీ మోకాళ్లతో ఎక్కడ్రా నాన్నా! మీరెళ్లి రండి, నేనూ మీ నాన్నా ఆ పక్క మెట్ల మీద నుంచి వస్తాం.''

పక్కన మెట్లదారి ఉన్న మాట నిజమే. తాతయ్య సంతోషంగా అటే నడిచాడు. నానమ్మను మాత్రం గైడు వదల్లేదు. ఇక్కడ ఎవరూ ఒంటరిగా ఎక్కరు. గుంపంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసు కడతారు. ముందున్నవాళ్లు ఎక్కడ కాలు పెడితే వెనకవాళ్లు అక్కడే పెట్టాలి. ఆమెకు వెనక మనవరాలు, ముందు ఊరూ పేరూ తెలియని ఓ తెల్ల పెద్దాయన. పరాయి మగాడి చెయ్యి పట్టుకోవడమా! అరక్షణం సందేహం. ఈలోగా కాలు కాస్త జారింది. అంతే, సందేహం తీరిపోయింది.

ఈ జలపాతానికి ఇంకో విశేషం ఉంది. మామూలుగా నీరు రాతిని అరగదీస్తుంది. ఇక్కడ రాతిని కడుతుంది. సున్నపురాతి కొండల్లోంచి ఊటగా వచ్చే నీళ్లలో కరిగిన కాల్షియం ఉంటుంది. ధార విరిగి పడేచోట అది పొరలుపొరలుగా పేరుకుని రాయిగా మారుతుంది. మన బొర్రా గుహల్లో చుక్కచుక్కగా శిలలు పుట్టించేది కూడా ఈ సున్నమే. అక్కడ చీకట్లో, ఇక్కడ ఎండలో!

తడిసి ముద్దయి ఆకలితో నకనకలాడేవాళ్లకు పొద్దుటి పలహారంలో మిగిలిన కలలూ దొరికినా అదృష్టమే. పేరు కొత్తగా ఉన్నా వస్తువు పాతదే. జమైకావాళ్లు కలలూ అనేది తోటకూర జాతి ఆకునే. ఉల్లిపాయ, ఘాటైన బోనెట్ మిరపకాయ వేసి మగ్గిస్తారు. కర్రీ గోట్ అనే మేక మాంసం కూర మనవాళ్ల వల్ల వచ్చిందే. 1845 నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందాల మీద ఓడల్లో వెళ్లిన భారతీయ కూలీలు తమ మసాలాను అక్కడ వదిలారు. వాళ్లవి ఒక్క పగటి ప్రయాణాలు కావు, నెలల తరబడి సాగినవి.

తర్వాత ఫెర్న్ గల్లీ. పేరుకు తగ్గ గల్లీయే! ఎండిపోయిన ఏటి అడుగున వేసిన సుమారు ఐదు కిలోమీటర్ల రోడ్డు. రెండు వైపులా ఫెర్న్ మొక్కలు, పైన చెట్ల గొడుగు. ఏళ్ల తరబడి లారీల పొగకు పచ్చదనం కొంత తగ్గింది. 2016లో కింగ్‌స్టన్ నుంచి కొత్త హైవే వచ్చాక ఆ పోటు కాస్త సడలింది. పిల్లలకు మిస్టిక్ మౌంటెన్‌లో కొండ మీది నుంచి జారే బండి ఉంది. మంచే పడని దేశం నుంచి 1988 వింటర్ ఒలింపిక్స్‌కు వెళ్లిన బాబ్‌స్లెడ్ జట్టు గుర్తుగా పెట్టారు. సరదాగానే ఉంటుంది, జేబుకే బరువు.

ఇక మిగిలింది సముద్రం. 1962 నాటి జేమ్స్‌బాండ్ సినిమా 'డాక్టర్ నో'లో ఉర్సులా ఆండ్రెస్ నీళ్లలోంచి నడిచొచ్చింది ఈ ఊరి దగ్గరి తీరంలోనే. ఆ నీలం రంగు చూసి మనవరాలు ఓ ప్రశ్న వేసింది. ''తాతయ్యా, ఇక్కడ ఈదేవాళ్లంతా ఓడ మీద వచ్చినవాళ్లే, ఈ ఊరివాళ్లు ఏరీ?''

చిన్నపిల్ల అడిగినా పెద్ద ప్రశ్నే. స్వాతంత్ర్యానికి ఆరేళ్ల ముందు, 1956లో చేసిన తీర నియంత్రణ చట్టం తీరాన్ని రాజ్యం చేతిలో పెట్టింది. చేపలు పట్టేవాళ్లకు కొంత వెసులుబాటు ఇచ్చినా, అందరికీ స్నానానికీ ఈతకూ హక్కు మాత్రం ఇవ్వలేదు. దాంతో చాలాచోట్ల టికెట్టు కొనాలి, లేదా హోటల్లో గదైనా తీసుకోవాలి. తాతల కాలం నుంచి దిగిన చోటే కంచె పడితే ఊరుకుంటారా? ఇటీవలి సంవత్సరాల్లో జనం కోర్టు మెట్లెక్కారు. మన మచిలీపట్నం మంగినపూడి తీరంలో కార్తీక పౌర్ణమి స్నానానికి గేటు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయినా ఆ సముద్రాన్ని బతికిస్తున్నదీ ఊరివాళ్లే. 1980లో అలెన్ తుపాను పగడపు దిబ్బలను విరగ్గొట్టింది. 1983లో నాచును మేసే సీ అర్చిన్లు రోగమొచ్చి గుంపులుగా చనిపోయాయి. దానికి తోడు మితిమీరిన చేపల వేట! ఊరి పక్కనే వైట్ రివర్ సముద్రంలో కలిసేచోట ఇప్పుడు వేట నిషేధించిన చేపల ఆశ్రయం ఉంది. ఒకప్పుడు వల వేసినవాళ్లలో కొందరు అక్కడ కాపలా కాస్తున్నారు. ఇంకొందరు నీటి అడుగున తాళ్లకు పగడపు ముక్కలు కట్టి, పెరిగాక దిబ్బలకు అతికిస్తున్నారు, నారు పోసి నాటు వేసినట్టే!

సాయంత్రం ఓడెక్కాక జలపాతం దగ్గర కొన్న ఫొటో బయటికొచ్చింది. గొలుసు మధ్యలో కళ్లు గట్టిగా మూసుకున్న నానమ్మ. ఆ పెద్దాయన ఎవరో, ఏ దేశమో ఎవరికీ తెలియదు. చూస్తే ఆయనవీ కళ్లు మూసుకునే ఉన్నాయి!