లెక్కలో మనుషులు

2020 జనాభా లెక్కల్లో, మిగతా రాష్ట్రాల అంకెలు అలాగే ఉండి, న్యూయార్క్‌లో ఇంకో 89 మంది తేలి ఉంటే అమెరికా ప్రతినిధుల సభలో మా రాష్ట్రానికి 27 సీట్లూ మిగిలేవి. తేలలేదు. 26కి దిగాయి. ఆఖరిదైన 435వ సీటు మిన్నెసోటాకి వెళ్ళింది. రెండు కోట్ల పైచిలుకు జనంలో 89 మంది! మా అపార్ట్‌మెంట్లలో సంక్రాంతి భోజనాలకి అంతకన్నా ఎక్కువమందిమే చేరతాం.

ఆ ఏడాది ఫారాలొచ్చినప్పుడు మా తెలుగువాళ్ళలో పెద్ద చర్చే జరిగింది. "మనకి ఓటా పాడా, ఈ గొడవ మనకెందుకండీ?" అన్నారొకాయన. వీసా వివరాలు ఎవరి చేతిలో పడతాయోనని ఇంకొకావిడ భయం. ఫారంలో పౌరసత్వం ప్రశ్న పెట్టాలని ప్రభుత్వం పట్టుబట్టడం, 2019లో సుప్రీంకోర్టు అడ్డుపడటం అప్పటికింకా ఎవరూ మరిచిపోలేదు. ఈ లెక్క ఓటర్లది కాదు, ఇక్కడ కాపురముంటున్న ప్రతి మనిషిదీ అని ఫోన్లు చేసి చెప్పాను. కొందరు నింపారు. కొందరు నవ్వి ఊరుకున్నారు.

సీట్లు పంచే పద్ధతి మాలాంటి కంప్యూటర్ వాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. ముందు 50 రాష్ట్రాలకీ తలా ఒకటి. మిగిలిన 385 వేలంపాటలా ఒక్కొక్కటే. ప్రతి రాష్ట్రం జనాభానీ, దానికి అప్పటికి వచ్చిన సీట్లనిబట్టి పెరిగే ఒక అంకెతో భాగిస్తారు. ఎవరి ఫలితం పెద్దదైతే ఆ సీటు వాళ్ళది. 1941 నుంచీ చట్టం ఇదే. పూర్వం ఇంకో పద్ధతి ఉండేది: వాటా కట్టి, భిన్నం పెద్దదిగా మిగిలినవాళ్ళకి అదనపు సీటు. 1880 లెక్కలతో అలా కట్టి చూస్తే 299 సీట్ల సభలో అలబామాకి 8 వచ్చాయి, 300 సీట్లయితే 7! గిన్నెలో పాయసం పెరిగితే నా వాటా తగ్గడమేమిటండీ? వాటాకి అటూ ఇటూ ఉన్న పూర్ణాంకాలు దాటకూడదు, ఇలాంటి వింతలూ రాకూడదు అంటే రెండూ కుదరవని 1982లో బాలిన్‌స్కీ, యంగ్ అనే ఇద్దరు గణితజ్ఞులు తేల్చేశారు.

పంచాక గీతలు గీయాలి కదా. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ పని శాసనసభలదే. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ ఆమోదించిన పటంలో ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి జంతువులా ఉందని ఒక పత్రిక వెక్కిరించింది. జెరిమాండరింగ్ అన్న మాట అలా పుట్టింది. పార్టీ లాభం కోసం గీశారన్న ఫిర్యాదులు ఫెడరల్ కోర్టులు తేల్చేవి కావని 2019లో సుప్రీంకోర్టు చేతులెత్తేసింది.

మన దేశంలో ఇందుకు తలకిందులు. గీతలు గీసేది న్యాయమూర్తి అధ్యక్షుడిగా ఉండే డీలిమిటేషన్ కమిషన్. ఆగిపోయింది లెక్క. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ సవరణ లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనాభా దగ్గర నిలిపేసింది. 84వ సవరణ ఆ గడువుని 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. నేను పుట్టకముందు తలలు లెక్కబెట్టి ఇచ్చిన ఆ 42 సీట్లే 2014లో ఆంధ్రప్రదేశ్‌కి 25, తెలంగాణకి 17గా విడిపోయాయి. ఇద్దరు పిల్లలతో ఆపిన మా అమ్మ తరానికి అది శిక్ష కాకూడదు. అలాగని తన ఓటుకి మా ఓటంత బరువు ఎందుకు లేదని బీహార్ రైతు అడిగితే ఆ ప్రశ్నా న్యాయమైనదే.

మా తాతయ్య అన్నదమ్ముల పొలం పంపకాలకి పెద్దమనిషిగా వెళ్ళేవాడు. పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. తన వాటా ఏదో తెలియనివాడు గట్టు వంకరగా వెయ్యడని ఆయన నమ్మకం. సీట్ల సంగతీ అంతే. ఏ పద్ధతైనా అంకెలు బయటికి రాకముందే ఒప్పుకోవాలి. వచ్చాక వెతికితే, తనకి ఒక సీటు ఎక్కువొచ్చే పద్ధతే ప్రతివాడికీ ధర్మంగా కనిపిస్తుంది.