లక్ష గారి పార్శిల్

14-4-2025, సోమవారం, విజయవాడ

అంబేద్కర్ జయంతి సెలవని కాస్త ఆలస్యంగా లేద్దామనుకుంటే తెనాలి నుంచి అత్తయ్య ఫోను. "ఏరా, మన సైటులో రమ అని కొడితే తీసుకుంటోంది. రామలక్ష్మి అని కొడితే పేరు తప్పంటోంది. ఆవకాయ రోజుల్లో ఇదేం గోలరా?"

పేరు గడిలో అక్షరాలు తప్ప ఇంకేమీ రాకూడదని రెగెక్స్ రాసింది నేనే. ఇంగ్లీషు ఎ నుంచి జెడ్ దాకా అని పెడితే తెలుగు పేర్లు పట్టవని ముందే తెలుసు. అందుకే యూనికోడ్ 'లెటర్' వర్గం పెట్టి, పెద్ద పని చేశాననుకున్నాను. తీరా చూస్తే ర, మ లెటర్లే గానీ దీర్ఘం లెటరు కాదు, 'మార్క్'. గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ ఆ మార్కుల్లోవే. తలకట్టుతో సరిపెట్టుకునే పేరుంటే తప్ప మా సైటులో పచ్చడి కొనలేరన్నమాట.

లెటర్ పక్కన మార్క్ కూడా చేర్చాను. రాజ్‌కుమార్ అప్పటికీ లోపలికి రాలేదు. కు వెళ్లి జ్ కింద వత్తుగా చేరకుండా మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటుంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లెటరూ కాదు, మార్కూ కాదు. దాన్నీ, ఇంటిపేరు తర్వాతి చుక్కనీ, ఖాళీనీ కలిపాక అందరూ లోపలికొచ్చారు.

సైటు అప్పగించే ముందు ఆ గడిలో నేను కొట్టి చూసిన పేరు: ఇంగ్లీషులో 'టెస్ట్'. అంతే.

17-4-2025, గురువారం

ఈ రోజుది నవ్వుకునే తప్పు కాదు. ఒకావిడ తన ఆర్డర్ కింద "కారం తక్కువ వెయ్యండి" అని రాసి, దండం ఎమోజీ పెట్టి, ఆ తర్వాత "వెల్లుల్లి వద్దు, మా ఇంట్లో తినరు" అని రాశారట. అత్తయ్యకు అందిన కాగితంలో మొదటి ముక్కే ఉంది. వెల్లుల్లి వేసిన ఆవకాయ వెళ్లింది, పార్శిల్ తిరిగొచ్చింది.

డేటాబేస్ తీసి చూస్తే దండం దగ్గరే వాక్యం తెగిపోయి ఉంది. పాత మైఎస్‌క్యూఎల్. టేబుల్‌కు పెట్టింది 'యూటీఎఫ్8'. పేరు చూసి అది పూర్తి యూటీఎఫ్-8 అనుకుంటాం. అది ఒక్కో అక్షరానికి మూడు బైట్లకు మించి పట్టదు. తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు కాబట్టి ఇన్నాళ్లూ బండి నడిచింది. ఎమోజీకి నాలుగు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే ఎర్రర్ ఇచ్చేది, నాకు ఆ రోజే తెలిసేది. ఇక్కడ అది లేదు. ఎమోజీ నుంచి చివరిదాకా ఉన్నదంతా తెంపేసి, మిగిలింది దాచుకుని ఊరుకుంది.

నాలుగు బైట్ల 'యూటీఎఫ్8ఎంబీ4' 5.5.3 వెర్షన్‌తో 2010లోనే వచ్చింది. 8.0 నుంచి డిఫాల్టే అది. టేబుల్ మార్చి దండం పెట్టి చూస్తే మళ్లీ తెగింది. కనెక్షన్ సెట్టింగ్ మార్చలేదు. టేబుల్, కాలమ్, కనెక్షన్ మూడూ మారాలి. స్ట్రిక్ట్ మోడ్ కూడా ఆన్ చేశాను. నోరు మూసుకుని తప్పు చేసే డేటాబేస్ కన్నా గట్టిగా అరిచేదే మేలు.

ఆవిడకు అత్తయ్య వేరే సీసా పంపింది. డబ్బు నేనిస్తానంటే తిట్టింది.

21-4-2025, సోమవారం

"లక్ష ఎవర్రా? కొరియర్ కుర్రాడు 'లక్ష గారి పార్శిల్' అంటున్నాడు!"

లేబుల్ ఫొటో పంపమన్నాను. 'వెంకట సుబ్బలక్ష' అని ఉంది. అసలు పేరు వెంకట సుబ్బలక్ష్మి. లేబుల్లో పేరుకు 15 అని హద్దు పెట్టి, దాటితే కోసెయ్యమని జావాస్క్రిప్ట్‌లో రాశాను. 15 అంటే ఎంత పెద్ద పేరైనా పడుతుందనుకున్నాను.

కాగితం మీద లెక్కేశాను. మనం చదివేటప్పుడు వెం, క, ట, సు, బ్బ, ల, క్ష్మి, ఏడు అక్షరాలు. మధ్య ఖాళీతో ఎనిమిది. జావాస్క్రిప్ట్ 'లెంగ్త్' అడిగితే 18 అంటుంది. క్ష్మి ఒక్కటే దానికి క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఆరు. యూటీఎఫ్-8 బైట్లలో ఇదే పేరు 52. ఒకటే పేరు, మూడు కొలతలు. అత్తయ్యను లక్ష్మికి ఎన్ని అక్షరాలని అడిగితే "రెండు. బళ్లో చెప్పలేదుట్రా?" అంది.

అత్తయ్య లెక్కకు దగ్గరగా వచ్చేది ఇంటిల్ సెగ్మెంటర్, బ్రౌజర్లోనే ఉంటుంది. నా లాప్‌టాప్‌లో ఎనిమిదే చెప్పింది. నాన్న పాత ఫోన్లో 11 అంది! బ్బను రెండుగా, క్ష్మిని మూడుగా విడగొట్టింది. సంయుక్తాక్షరాన్ని విరగ్గొట్టకూడదన్న నియమం తెలుగుకు 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. నాన్న ఫోన్లోని పాత బ్రౌజర్‌కు అది తెలియదు. కాబట్టి లెక్కకు సెగ్మెంటర్ వాడినా, పేరును కోయడం మాత్రం మానేశాను. పట్టకపోతే రెండో లైనుకు దిగుతుంది.

ఈ లెక్క చూశాక ఎస్సెమ్మెస్ బిల్లు ఎందుకు పెరిగిందో కూడా తెలిసింది. ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 అక్షరాలు. తెలుగు ఒక్కటి దూరినా హద్దు 70. అదీ కంప్యూటర్ లెక్కలో 70. దాటితే 67 చొప్పున ముక్కలు, ముక్క ముక్కకూ డబ్బు. "మీ ఆర్డర్ చేరింది, ధన్యవాదాలు" దగ్గర ఆపేశాను.

27-4-2025, ఆదివారం, తెనాలి

అత్తయ్య ఇంట్లో కాయ కడిగి, తుడిచి, ఆరబెడుతున్నారు. కత్తిపీట దగ్గరికి నన్ను రానివ్వరు. లాప్‌టాప్ తెరిచాను.

బటన్ల మీద 'పచ్చడి' అన్న మాటకు కింద చ వత్తు సగమే కనిపిస్తోంది. లైన్ హైట్ 1 పెట్టి, బయటికి పొర్లింది దాచెయ్యమన్నాను. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తు మన వత్తులకు చాలదు. 1.6 చేస్తే తేటగా కనిపించింది. పేజీకి భాష తెలుగు అని ల్యాంగ్ ఆట్రిబ్యూట్ కూడా పెట్టాను. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో దాన్ని బట్టే తెలుసుకుంటుంది.

పనికొచ్చే చిట్కా ఒకటి రాసిపెట్టుకోవాలి. బ్రౌజర్ కన్సోల్‌లో డాక్యుమెంట్ డిజైన్‌మోడ్ ఆన్ చేస్తే పేజీ మొత్తం నోటుపుస్తకంలా అవుతుంది. ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడ టైపు చేయొచ్చు. ప్రతి బటన్ మీదా పొడుగాటి తెలుగు మాటలు కొట్టి, ఎక్కడ పగులుతుందో కోడ్ ముట్టకుండా చూడొచ్చు. పది నిమిషాల్లో నాలుగు చోట్ల పగిలింది.

2-5-2025, శుక్రవారం

డాలస్ నుంచి వదిన. "అమ్మ మే 2న పంపుతానంది, సైటులో మే 1 అని ఉంది, ఏది నిజం?"

రెండూ నిజమే. తేదీని సంవత్సరం, నెల, రోజుగా మాత్రమే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రి అనుకుంటుంది. ఇక్కడ అది ఉదయం ఐదున్నర, తేదీ చెడదు. డాలస్‌లో ముందు రోజు సాయంత్రం ఏడు. వెనక సమయం కూడా కలిపి ఇస్తే మాత్రం స్థానిక సమయం అనుకుంటుంది. పంపే రోజుకు గడియారంతో పనేముంది? డేట్‌గా మార్చకుండా అచ్చంగా అక్షరాల్లాగే ఉంచేశాను. ఇకమీదట డెవ్‌టూల్స్ సెన్సర్స్ ట్యాబ్‌లో ఊరు మార్చి ఒకసారి చూడాలి.

7-5-2025, బుధవారం

250 రూపాయల గోంగూర, 300 రూపాయల మాగాయ వేస్తే బిల్లు రూ. 250300.

రెండు అంకెలను అక్షరాలనుకుని పక్కపక్కన అతికించింది. ఎక్కడో నంబర్‌గా మార్చడం పోయింది, ఎప్పుడు పోయిందో తెలియదు. వెనక 120 కమిట్లు. గిట్ బైసెక్ట్ పెట్టాను. బాగున్న కమిట్ ఒకటి, చెడిన కమిట్ ఒకటి చెబితే మధ్యలోని కమిట్ తెచ్చి ముందు పెడుతుంది. బాగుందో లేదో చెబితే మిగిలిన సగంలో మళ్లీ మధ్యది. ఏడు సార్లకు దొరికింది.

దొరికిన కమిట్ నాదే. దానికి నేను రాసిన వివరం: "చిన్న మార్పు". అదే వివరంతో ఇంకో పదకొండు కమిట్లున్నాయి.

11-5-2025, ఆదివారం, తెనాలి

శుక్రవారం కలిపిన ఆవకాయ ఇవాళ తిరగకలిపారు. అత్తయ్య పైన తేలిన నూనె వంక చూడనైనా లేదు. గరిటె అడుగుదాకా దించి, పైకి తెచ్చి, నాలుక మీద వేసుకుంది. "ఉప్పు ఇంకాస్త. పైన చూస్తే అన్ని జాడీలూ ఒకేలా ఉంటాయిరా."

అక్కడే కూర్చుని 'టెస్ట్' అన్న నమూనా డేటా తీసేసి కొత్త ఫైలు చేశాను. వెంకట సుబ్బలక్ష్మి, రాజ్‌కుమార్, పచ్చడి, దండం మధ్యలో ఉన్న ఒక కోరిక, 250కి 300 కలిపిన బిల్లు, డాలస్ గడియారం. ఏ మార్పు చేసినా ముందు ఈ ఆర్డర్లన్నీ వాటంతట అవే పడతాయి. ఏ ఒక్కటి తప్పినా కొత్త కోడ్ సైటులోకి వెళ్లదు.

సాయంత్రం వెల్లుల్లి వద్దన్నావిడ మళ్లీ ఆర్డర్ పెట్టారు. ఈసారి దండాలు మూడు. వాటి తర్వాతి మాట కూడా చివరిదాకా ఉంది.

కమిట్ వివరం: "ఎమోజీ తర్వాతి మాట పోకుండా పరీక్ష చేర్చాను".