ఇసుక నేలకు పచ్చని దుప్పటి

2025 మే నెల చివరి వారం. రోహిణి కార్తె ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి. అలాంటి రోజుల్లో మేమిద్దరం విశాఖపట్నం నుండి ఉద్దానానికి ప్రయాణమయ్యాం. సెలవులు గడపడానికి కాదు, ఒక ముఖ్యమైన పని మీద. మా పెద్దన్నయ్య చనిపోయి నాలుగేళ్లయింది. వజ్రపుకొత్తూరు వైపు సముద్రానికి దగ్గరలో ఉన్న మా ఎనభై సెంట్ల పొలాన్ని వదిన ఒక్కతే చూసుకుంటోంది. పిల్లలిద్దరూ పొట్ట చేతబట్టుకుని పొరుగు రాష్ట్రాలకు వెళ్లిపోయారు. ఆ పొలం అమ్మేసి వదినను మాతో తీసుకొచ్చేద్దామని మేం అనుకున్నాం. కొనేవారు కూడా సిద్ధంగా ఉన్నారు. ఆ మాట ఆమెతో ఎలా చెప్పాలా అని దారిపొడుగునా మథనపడుతూనే ఉన్నాం.

రైలు నౌపడ జంక్షన్‌లో ఆగగానే దిగాం. టెక్కలిలో పాత పరిచయస్తుల ఇంట ఒక పూట గడిపి వెళ్లాలని మా ఆలోచన. నౌపడ పేరు చెప్పగానే అందరికీ ఉప్పు గుర్తుకొస్తుంది. ఎండలో తెల్లగా మెరిసిపోయే ఆ ఉప్పు మళ్లను చూస్తుంటే, ఈ నేలలో పచ్చగా ఏదైనా మొలుస్తుందా అని అనుమానం కలుగుతుంది. కాని అక్కడికి కొంత దూరంలో, మా మిత్రుని పల్లపు పొలంలో, మోకాలెత్తు పైరు నిలబడి ఉంది. సన్నని ఆకులు, నిటారుగా లేచిన కాడలు.

"ఇది జీలుగండి. మొన్న పడిన జల్లుకి జల్లేశాం. ఎకరానికి పది పన్నెండు కిలోలు సరిపోతాయి. ఉప్పుకీ తట్టుకుంటుంది, నీరు నిలిచినా తట్టుకుంటుంది. కాస్త మెరకగా ఉన్న చోట జనుము వేస్తాం. దానికి నీరు నిలిస్తే పడదు" అన్నాడాయన. పూత మొదలవగానే ఆ పైరును నేలలో కలియదున్ని, రెండు వారాలు మగ్గనిచ్చి, తరువాత బెండ వేస్తాడట. మన తాతల నాటి పచ్చిరొట్ట ఎరువు ఇదే. కొత్తదేమీ కాదు. యూరియా బస్తా చవకగా దొరకడం మొదలయ్యాక మనమే దాన్ని మరచిపోయాం.

సాయంత్రం బస్సెక్కి పలాస చేరాం. కాశీబుగ్గ వీధుల్లోకి అడుగుపెడుతూనే జీడిగింజలు కాల్చిన వాసన ఎదురొచ్చింది. ఈ ఊరి జీడిపప్పు ఎంత దూరం వెళుతుందో మనందరికీ తెలుసు. అయితే ఆ జీడికీ, కొబ్బరికీ తల్లి అయిన ఉద్దానం ఎలాంటి దెబ్బ తిన్నదో దూరాన ఉన్నవారికి అంతగా తెలియదు.

ఉద్దానం అంటే ఉద్యానమే అని పెద్దలు చెబుతారు. మా చిన్నతనంలో ఈ దారిన నడిస్తే మిట్టమధ్యాహ్నం కూడా నెత్తిన ఎండ పడేది కాదు. పైన కొబ్బరి, దాని కింద పనస, జీడి, మామిడి, వాటి కింద అరటి, కంద, అనాస. అన్నిటికన్నా కింద రాలిన ఆకులు. ఉత్త ఇసుక నేలలో ఇంత పచ్చదనం ఎలా వచ్చిందని అప్పుడు మేము ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. ఆ నేల ఏనాడూ సూర్యుణ్ణి సూటిగా చూడలేదు. దానికి ఎప్పుడూ ఒక కప్పు ఉండేది. ఆ కప్పు కింద ఆకు కుళ్లేది, తేమ నిలిచేది, వానపాము బతికేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. కొన్ని గంటల్లోనే తరాల నాటి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంతవరకు ఇల్లు గడవాలి కదా! ఆ ఖాళీ జాగాలో మా అన్నయ్య వంగ, బీర, ఆనప వేశాడు. మొదటి ఏడాది బాగానే పండింది. రెండో ఏడు ఎరువు పెంచాల్సి వచ్చింది. మూడో ఏటికి వంగ మొక్కలు పగలు వాడిపోయి, సాయంత్రం తేరుకుంటూ, చివరికి గిడసబారిపోయాయి. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. కంటికి కనబడని నులిపురుగుల పని అది. ఇసుక నేలల్లో వాటి బెడద మరీ ఎక్కువ. చెట్ల నీడ పోయింది. ఆకు రాలడం ఆగిపోయింది. వేసవిలో బోసిగా మిగిలిన ఇసుక పెనంలా కాలింది. పోసిన నీరూ, వేసిన ఎరువూ వేళ్లకు అందకుండానే కిందికి జారిపోయాయి. అన్నయ్య పోయేనాటికి పొలం మీద అప్పే మిగిలింది. అందుకే మేము అమ్మకం ఆలోచన చేశాం.

మరునాడు ఉదయం వదిన ఇంటికి చేరేసరికి ఆమె పొలంలోనే ఉంది. గట్టు మీద నిలబడి చూసి మేము తెల్లబోయాం. చుట్టుపక్కల కొన్ని మళ్లు ఎండకు మాడి ఉంటే, మా ఎనభై సెంట్లూ నడుమెత్తు పచ్చగా ఉన్నాయి. అదీ ఒక పైరు కాదు. గంటెలు, చోళ్లు, జనుము, బొబ్బర్లు, పెసలు, మినుములు, ఉలవలు, నువ్వులు, గోగు, ఆవాలు, నడుమ పాకుతున్న దోస, గుమ్మడి. అన్నీ కలిసి ఒకే దుప్పటిలా నేలను కప్పేశాయి.

"ఏటి బాబూ, అలా సూత్తన్నారు? కూరగాయలు ఏసినాననుకున్నారేటి? ఇది మనకి కాదు, నేలకి కూడు" అని వదిన నవ్వింది.

ఆమె చెప్పింది మేము శ్రద్ధగా విన్నాం. పాఠక మిత్రులకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాం.

రబీ కూరగాయలు అయిపోగానే, ఏప్రిల్‌లో, వానల కోసం ఎదురు చూడకుండా పొడి నేలలోనే ఈ గింజలన్నీ కలిపి చల్లుతారు. ఊరికే చల్లితే చీమలూ పిట్టలూ మిగల్చవు. కాబట్టి మట్టి, పేడ, బూడిద పూసి గింజను చిన్న ఉండలా చేసి ఆరబెడతారు. పైన గడ్డీ, కొబ్బరి ఆకూ పరుస్తారు. వేసవిలో ఒక మంచి జల్లు పడితే చాలు, మొలక లేస్తుంది. పై కప్పు ఉన్నందున ఆ తేమ ఒక్కనాటిలో ఆవిరైపోదు. జూన్ వానలు వచ్చేసరికి పైరును కోసి అక్కడే పరచి, రెండు వారాలాగి కూరగాయ నారు నాటుతారు.

ఇన్ని రకాలు ఎందుకని అడిగాం. వదిన ఒక బొబ్బర మొక్కను పీకి, వేరున ఉన్న బుడిపెను గోటితో చిదిమి చూపింది. లోపల లేత ఎరుపు. "ఇవి ఆ సెడ్డ బుడిపెలు కావు. ఎర్రగా ఉంటే పని సేత్తన్నట్టు" అంది. అవును, పప్పుజాతి మొక్కల వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. గంటె, చోడి వంటి వాటి వేళ్లు ఇసుకను వలలా పట్టుకుంటాయి. బతికున్న ప్రతి వేరూ తాను తయారు చేసుకున్న తీపిలో కొంత నేలలోకి వదులుతుంది. దానిని తిని కోటానుకోట్ల సూక్ష్మజీవులు బతుకుతాయి. అవే ఇసుక రేణువులను కలిపి పట్టి ఉంచే జిగురును తయారు చేస్తాయి. ఇక జనుముకు మరో గుణం ఉంది. వంగ వేళ్లను పట్టే నులిపురుగును అది పెరగనివ్వదు. అయితే బొబ్బర్లలో కొన్ని రకాల మీద అదే నులిపురుగు బతుకుతుంది. అందుకే ఆ బెడద ఎక్కువగా ఉన్న మూలన వదిన బొబ్బర్లు తగ్గించి జనుము పెంచింది.

ఇక్కడ మా తెలివితక్కువతనం కూడా ఒప్పుకోవాలి. వదిన మాట విని రెండేళ్ల క్రితం మా పెరట్లో జనుము చల్లాం. పసుపు పూలు ముచ్చటగా ఉన్నాయని కోయకుండా నెల రోజులు అలాగే ఉంచాం. కాడ ముదిరి నార అయింది. దాన్ని నేలలో కలిపి మరునాడే వంగనారు నాటాం. మొక్కలు పచ్చబారి ఎదగడం మానేశాయి. ముదిరిన కాడను కుళ్లబెట్టడానికి నేలలోని జీవులు ఉన్న నత్రజనిని కూడా తామే వాడుకుంటాయని మాకు తెలియదు. వదినకు చెబితే నవ్వి, "లేతగున్నప్పుడే కొయ్యాల బాబూ. ముదిరినాక ఏదీ వంగదు, మనిసైనా మొక్కైనా" అంది.

అన్నిటికన్నా పెద్ద కష్టం గింజలూ కాదు, నీళ్లూ కాదు, పశువులు. వేసవిలో కోతలు అయిపోగానే ఊరి పశువులను వదిలేయడం మన పల్లెల్లో ఎప్పటి నుండో ఉన్న అలవాటు. ఊరంతా ఎండి ఒక్క మడి పచ్చగా ఉంటే ఆ మందలన్నీ ఎక్కడికి వస్తాయో చెప్పనక్కర్లేదు. మొదటి ఏడు వదిన పైరు రెండు రాత్రుల్లో నేలమట్టం అయింది. ఆమె ఎవరితోనూ తగువు పడలేదు. పొదుపు సంఘంలోని ఆడవాళ్ల దగ్గర ఈ మాట పెట్టింది. మరుసటి ఏడు ఇంకో నలుగురు చల్లారు. పశువులున్న వాళ్లకు ఒక కోత మేత ఇస్తామని, బదులుగా పశువులను కట్టేసుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. ఈ ఏడు పద్నాలుగు మడులు పచ్చగా ఉన్నాయి. ఒక్కరి కంచె కాపాడలేనిదాన్ని పదిమంది మాట కాపాడింది.

ఈ పద్ధతి వెనుక ప్రభుత్వ ప్రయత్నం కూడా ఉంది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వానలకు ముందు నవధాన్యాలు చల్లడం, ఏడాదిలో 365 రోజులూ నేలను పచ్చగా ఉంచడం అందులో ముఖ్యమైన భాగాలు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం ఈ కార్యక్రమానికి లభించింది. ప్రఖ్యాత మృత్తికా శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టు ఎడారిలో పంటలు పండించిన సెకెం సంస్థ ఆ పురస్కారాన్ని పంచుకున్నారు. ఇసుకలో జీవం నింపే పని ప్రపంచమంతటా జరుగుతోందన్నమాట.

ఉద్దానం అనగానే చాలామందికి కిడ్నీ వ్యాధి గుర్తుకొస్తుంది. ఏ ఇంటికి వెళ్లినా ఆ వ్యాధి మాట వినబడుతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుండి తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. వ్యాధికి మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కాబట్టి ఈ పైర్లు వ్యాధిని పోగొడతాయని మేము చెప్పము, మీరూ నమ్మవద్దు. కాని మిట్టమధ్యాహ్నం మందు పిచికారీ చేసే రోజులు తగ్గాయని, నేలబావి దగ్గర నుండి నీళ్లు మోసే కడవలు తగ్గాయని వదిన చెప్పినప్పుడు అదీ చిన్న మేలు కాదనిపించింది. మండుటెండలో శరీరం కరిగించుకునే మనిషికి ఆ కాస్త ఊరటే ఎంతో విలువైనది.

మధ్యాహ్నం పనస చెట్టు కింద కూర్చున్నప్పుడు లేవీయకాండం 25వ అధ్యాయం మా మాటల్లోకి వచ్చింది. ఏడవ ఏట భూమికి విశ్రాంతి ఇవ్వమన్న ఆజ్ఞ అక్కడే ఉంది. విశ్రాంతి అంటే నేలను బోసిగా వదిలేయడం అని ఇన్నాళ్లూ అనుకున్నాం. తీరా ఆలోచిస్తే, ఆ ఏట భూమి తనంతట తాను మొలిపించినది ఇంటివారికీ, కూలివానికీ, పరదేశికీ, పశువులకూ ఆహారం కావాలని కూడా అక్కడే ఉంది. అంటే ఆ నేల ఖాళీగా లేదు, పచ్చగానే ఉంది. అది విశ్రాంతి తీసుకుంటూనే నలుగురికీ పెట్టింది. వదిన పొలంలో మేత పట్టుకెళుతున్న పొరుగువారిని చూస్తుంటే ఆ మాట కొత్తగా అర్థమైంది.

అంతా సాఫీగా సాగుతుందని కాదు. వేసవి జల్లు పడని ఏడు గింజ అలాగే ఉండిపోతుంది. ఒక్క ఏడాదిలో ఇసుక నల్లమట్టి కాదు. వదిన అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. ఇప్పటికీ కాస్త ఎరువు కొంటూనే ఉంది. మునుపటికన్నా తక్కువగా, అంతే. కాని ఆమె కప్పును పక్కకు జరిపి పిడికెడు ఇసుక మా చేతిలో పెట్టినప్పుడు అది చల్లగా ఉంది. పిడికిలి బిగిస్తే కొంచెం ముద్ద కట్టింది. అందులో ఒక వానపాము కదిలింది. గట్టు అవతల మాడిన ఇసుకను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

రెండు రోజులున్నాం. అమ్మకం మాట వదిన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. పలాస స్టేషన్‌లో రైలు కోసం చూస్తూ, కొనేవారికి ఫోన్ చేసి ఇప్పట్లో అమ్మడం లేదని చెప్పేశాం. బయలుదేరేటప్పుడు వదిన మా సంచిలో పనస తొనలతో పాటు ఒక గుడ్డ మూట పెట్టింది. విప్పి చూస్తే అన్ని రకాల గింజలూ ఉన్నాయి.

పాఠక మిత్రులారా, మీకు ఎకరాలు లేకపోవచ్చు. ఇంటి వెనుక నాలుగు పాదులు ఉన్నా చాలు. ఈసారి కాయలు అయిపోగానే ఆ జాగాను ఊడ్చి బోసిగా ఉంచకండి. వంటింట్లోని పెసలు, ఉలవలు, ఆవాలు, మెంతులు గుప్పెడేసి చల్లండి. పైన ఎండుటాకులు కప్పండి. పూత కనబడగానే కోసి అక్కడే పరచి, రెండు వారాలు ఆగండి. మాలాగా పూలు చూసి మురిసిపోకండి.