రైఫిల్ కొనేముందు నేను వేసుకోని ప్రశ్న

కొత్త లాప్‌టాప్ కొనాలంటే మనవాళ్ళు ఎంత హడావిడి చేస్తారో తెలుసు కదా. పది సైట్లు తిరగడం, ఎక్సెల్ షీటులో స్పెక్స్ నింపడం, ఆఫీసులో నలుగురి బుర్ర తినడం, చివరికి కొన్నాక దాంట్లో ఈమెయిల్ చూసుకోవడం. నేను సరిగ్గా అదే పద్ధతిలో ఒక వేట రైఫిల్ కొన్నాను. దాని కథే ఈ టపా. కాస్త పొడుగు, కాస్త సిగ్గుచేటు కూడా.

వేట పేరెత్తితేనే గిట్టనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకి దాదాపుగా తలుపులు మూసేశారు, మంచిదే చేశారు. నేనుండేది కొలరాడోలో. ఇక్కడ జింకని కొట్టాలంటే లాటరీలో ట్యాగ్ రావాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. రైఫిళ్ళ మీదా తూటాల మీదా 11 శాతం ఫెడరల్ పన్ను ఉంది. 1937 నాటి ఒక చట్టం ప్రకారం ఆ డబ్బు రాష్ట్రాలకి వన్యప్రాణుల సంరక్షణ కోసమే వెళ్తుంది. ఈ లెక్కలన్నీ చెప్పి మా ఆవిడని ఒప్పించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. "సరే, ఇంట్లోకి వస్తే మాత్రం ఇనప్పెట్టెలోనే ఉండాలి, తాళంచెవి పిల్లకి కనపడకూడదు" అంది. అది న్యాయమైన షరతే.

ఇంకోమాట, మనవాళ్ళలో చాలామందికి తెలియనిది. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి గానీ, ఇమ్మిగ్రేషన్ ఫైలుతో ఆటలెందుకని గ్రీన్ కార్డు వచ్చేదాకా నేను దాని జోలికే పోలేదు. కొలరాడోలో 2023 అక్టోబరు నుంచి డబ్బు కట్టాక కూడా కనీసం మూడు రోజులు ఆగాలి. అన్నేళ్ళు ఆగినవాడికి మూడు రోజులో లెక్కా!

సరే, అసలు విషయానికొద్దాం. బోల్ట్ యాక్షనే ఎందుకు? మన ఊళ్ళలో పోలీస్ స్టేషను ముందు సెంట్రీ భుజాన వేలాడే త్రీ నాట్ త్రీ గుర్తుందా? లీ ఎన్‌ఫీల్డ్. అదీ బోల్ట్ యాక్షనే. జిమ్ కార్బెట్‌కి 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు బహుమతిగా ఇచ్చిన రిగ్బీ కూడా అదే జాతి. చేత్తో పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి కిందికి దించితే బోల్ట్ మొన మీదున్న లగ్గులు బిగుసుకుపోతాయి. తూటా పేలేటప్పుడు లోపల అటూఇటూ పరుగెత్తే భాగం ఏదీ ఉండదు. ప్రతిసారీ ఒకేలా బిగుసుకుంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకేలా పేలుతుంది. మన భాషలో చెప్పాలంటే, తక్కువ మూవింగ్ పార్ట్స్, తక్కువ బగ్స్.

నా ఎక్సెల్ షీటులో చివరికి నాలుగు మిగిలాయి. 1962 నుంచీ ఉన్న రెమింగ్టన్ 700, 1958 నుంచీ ఉన్న సావేజ్ 110, 2012లో వచ్చిన రూగర్ అమెరికన్, ఫిన్లాండులో సాకో వాళ్ళు చేసే టిక్కా టీ3ఎక్స్. వీటిల్లో చవకైన రూగర్ కూడా నాకంటే బాగా కొట్టగలదని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలీదు. టిక్కా కొన్నాను. బోల్ట్ గాజు మీద గాజు జారినట్టు జారుతుంది, ట్రిగ్గర్ సన్నటి పుల్ల విరిగినట్టు తెగుతుంది, బరువు సుమారు ఆరున్నర పౌన్లు. పైగా మూడు తూటాలకి ఒక మినిట్ గ్యారంటీ అని కంపెనీ వాళ్ళ మాట.

మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. వంద గజాల దగ్గర ఒక అంగుళం కంటే ఒక వెంట్రుక ఎక్కువ. మూడొందల గజాల దగ్గర మూడంగుళాలు. ఇక్కడే మనలాంటివాళ్ళు బోల్తా పడేది. మూడు తూటాల శాంపిల్ ఒక శాంపిలా? అదే రైఫిల్‌తో పది తూటాలు కొడితే ఆ గుంపు సగటున ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. రైఫిల్ చెడిపోయి కాదు, లెక్కలు అంతే. స్టాటిస్టిక్స్ చదువుకున్నవాడిని, ఆ సంగతి నాకు తెలిసుండాలి. కానీ బెంచీ మీద ఇసకసంచులు పెట్టుకుని కొట్టిన మూడు చిల్లుల కాగితాన్ని ఆఫీసు క్యూబులో అంటించుకుని తిరిగాను :)

తూటా విషయంలో కూడా రోజులకి రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టరా, 2007లో హార్నడీ వాళ్ళు తెచ్చిన 6.5 క్రీడ్‌మూరా? రెండోది పొడుగాటి సన్నటి బుల్లెట్, గాలిని బాగా కోసుకుపోతుంది, భుజాన్ని కాస్త తక్కువ తంతుంది. అదే తీసుకున్నాను. రెండొందల గజాలకి సరిచేసి పెట్టుకుంటే మూడొందల దగ్గర సుమారు ఎనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది, నాలుగొందల దగ్గర దాదాపు రెండడుగులు. ఈ దిగడం పెద్ద సమస్య కాదు. భూమ్యాకర్షణ రోజూ ఒకేలా ఉంటుంది, రేంజ్‌ఫైండర్ దూరం చెప్తుంది, స్కోప్ మీద క్లిక్కులు తిప్పుకుంటే సరి. సమస్యంతా గాలితోనే. దాన్ని కొలిచే మీటరు మన చేతిలో ఉంటుంది, గాలి మాత్రం మనకీ జింకకీ మధ్యనున్న లోయలో ఉంటుంది.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటాయి. యాభై ఏళ్ళుగా ఒకే పాత .270 రైఫిల్, కర్రమీద పాలిష్ కూడా పోయింది. నా కాగితం చూపిస్తే చూసి, "బాగుంది. ఇప్పుడు బెంచీ వదిలేసి నేలమీద కూర్చుని, అన్నం తినే కాగితం ప్లేటు పెట్టుకుని కొట్టు. పదికి పది ఎంత దూరం దాకా తగుల్తాయో అదే నీ దూరం" అన్నాడు. జింక గుండే ఊపిరితిత్తులూ కలిపితే సుమారు ఆ ప్లేటంతే ఉంటాయట. నేను తలూపి వచ్చేశాను. ముసలాయనకి పాత పద్ధతులు అనుకున్నాను.

మొదటి ఏడాది అక్టోబరు చివర్లో ఆయనతోనే క్రెయిగ్ ఊరి వైపు వెళ్ళాను. సేజ్ పొదలు, పొడి గుట్టలు, ఒళ్ళు కొరికే చలి. పొద్దున ఎనిమిదింటికి ఎదుటి వాలు మీద ఒక మ్యూల్ డీర్ పోతు మేస్తూ కనిపించింది. రేంజ్‌ఫైండర్ 340 గజాలంది. నా దగ్గర గాలి ఐదు మైళ్ళే, దానికి తగ్గట్టే తిప్పాను. పెద్దాయన "ఇంకా దగ్గరికి పోదాం, టైముంది" అన్నాడు. నా బుర్రలో మాత్రం క్యూబులో అంటించిన కాగితమే ఉంది. సంచీ మీద రైఫిల్ ఆనించి నొక్కేశాను.

లోయలో గాలి పదిహేను మైళ్ళుందని తర్వాత తెలిసింది. ఆ తేడాకే బుల్లెట్ ఐదారు అంగుళాలు తోకవైపుకి తోసుకుపోయింది. ఆ పైన నా ఊపిరి, నా వేళ్ళ వణుకు. తూటా వెళ్ళేసరికి దాదాపు అర సెకను, ఆ అర సెకనులో అది అడుగు కూడా వేసుండొచ్చు. తగిలింది గుండెకి కాదు, కడుపుకి.

జింక వీపు వంచి, నెమ్మదిగా నడుచుకుంటూ జూనిపర్ చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. నేను పరుగెత్తబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. వెంటనే వెంటపడితే భయంతో మైళ్ళు పోతుందట, దొరకదట. నాలుగు గంటలు కూర్చున్నాం. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం నెత్తుటి చుక్కల్ని పట్టుకుని వెళ్తే ఒక పొద కింద పడుకుని ఉంది. చనిపోలేదు. తలెత్తి నావైపు చూసింది. రెండో తూటా అరవై గజాల నుంచి కొట్టాను. దానికి మినిట్లూ క్లిక్కులూ ఏవీ అక్కర్లేకపోయాయి.

ఇంటికొచ్చాక మా అమ్మాయి అడిగింది, "నాన్నా, దానికి నొప్పెట్టిందా? వెంటనే చచ్చిపోయిందా?" అని. "వెంటనే అమ్మా" అన్నాను. అప్పట్లో ఇంట్లో ఎవరికీ నిజం చెప్పలేదు.

ఆ చలికాలమంతా నేలమీద కూర్చుని ప్లేట్లు కొట్టాను. రెండొందల గజాల దగ్గర పదికి పది. రెండొందల యాభై దగ్గర పదికి తొమ్మిది. మూడొందల దగ్గర పదికి ఆరు. అంటే ఆ 340 గజాల దగ్గర నేను చేసింది వేట కాదు, బొమ్మాబొరుసు. రైఫిల్ తప్పేమీ లేదు. అది వంద గజాల దగ్గర ఎలా కొట్టిందో అక్కడా అలాగే కొట్టింది. టెస్టింగ్ అంతా ఏసీ గదిలో చేసి, లోడ్ టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి తోసేసింది నేను. సర్వర్ పడిపోతే రీస్టార్ట్ కొట్టొచ్చు. ఇక్కడ అది కుదరదు.

అందుకని ఎవరైనా ఏ రైఫిల్ కొనమంటావని అడిగితే ఇప్పుడు నా జవాబు చిన్నది. ఆ నాలుగింటిలో మీ భుజానికి సరిగ్గా కుదిరేది, కళ్ళు మూసుకుని ఎత్తినా స్కోప్ కంటికి ఎదురుగా వచ్చేది తీసుకోండి. రైఫిల్‌కి పెట్టినంతా స్కోప్‌కీ దాని రింగులకీ పెట్టండి. మరీ తేలికది కొనకండి, చేతిలో ఊగుతుంది. మరీ బరువుదీ వద్దు, కొండెక్కేసరికి ఆయాసంతో మీరే ఊగుతారు. మిగిలిన డబ్బంతా తూటాలకే. ఒకే రకం తూటా, ఏడాదికి మూడొందలైనా నేలమీద కూర్చుని కాల్చండి. ఆ రైఫిల్ ఎంత దూరం కొడుతుందని అడక్కండి, ఆ సంగతి డబ్బా మీదే రాసుంటుంది. నేను ఎంత దూరం కొట్టగలను అని అడగండి. అది ఏ రివ్యూలోనూ దొరకదు.

పోయిన ఏడాది మళ్ళీ ట్యాగ్ వచ్చింది. చివరి రోజు సాయంత్రం ఒక పెద్ద పోతు, 400 గజాల దగ్గర, పక్కకి తిరిగి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. దగ్గరికి పోదామంటే మధ్యలో దాక్కోడానికి ఒక్క పొద కూడా లేదు. స్కోప్‌లో చాలాసేపు చూశాను. తర్వాత బోల్ట్ తెరిచి తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నాను. పెద్దాయన ఫ్లాస్కులో కాఫీ వంచి నాకిచ్చాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు నాకు ఏ అప్రైజల్‌లోనూ రాలేదు.

ఉత్త చేతుల్తో ఇంటికొచ్చాను. "ఏం కొట్టలేదా నాన్నా?" అని అడిగింది పిల్ల. ఎందుకు కొట్టలేదో చెప్పాను. చెప్తూ చెప్తూ మొదటి ఏడాది సంగతి కూడా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అప్పుడు నాకు అబద్ధం చెప్పావన్నమాట" అంది.

అవునన్నాను.