రెండు సీట్ల బండిలో కూనూరు

మన పత్రికలో కాశీ యాత్రల గురించి, తెలుగునాడు చూచి వచ్చిన వైనాల గురించి చాలామంది వ్రాశారు. మేము వ్రాయబోయే యాత్ర అంత గొప్పది కాదు. కోయంబత్తూరు నుండి కూనూరుకు పోయి వచ్చాము. పోను డెబ్బయి, రాను డెబ్బయి కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి యింటికి చేరవచ్చు. అయినా యీ కాస్త దూరం పోవడానికి మాకు ఇరవై ఏడు సంవత్సరాలు పట్టింది. ఆ సంగతి చెప్పడానికే యీ నాలుగు మాటలు.

1998లో మాకు పద్దెనిమిదేళ్లు. పదో తరగతి ప్యాసై, పీలమేడు వైపు ఒక నూలు మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్త. క్షవరశాలలో వంతు కోసం కూర్చుని ఒక మోటారు పత్రిక తిరగవేస్తుంటే ఎర్రటి కారు బొమ్మ కనబడింది. పేరు శాన్ స్టార్మ్. గోవాలో తయారయ్యే బండి. రెండు తలుపులు, రెండే సీట్లు, నేలబారు ఆకారం. రేకుకు బదులు ఫైబర్ గ్లాసు ఒళ్ళు. లోపల ఫ్రెంచి దేశపు రెనో ఇంజను, 1149 సి.సి., 60 అశ్వశక్తి. ఈనాటి లెక్కకు అదేమీ పెద్ద శక్తి కాదు. బండి తేలిక గనుక చురుకుగా పోతుంది, అంతే. దుకాణం అతను అటు తిరిగినప్పుడు ఆ బొమ్మ చింపి జేబులో పెట్టుకున్నాము. అతను చూడనే చూచాడు గాని, చూడనట్లు వూరుకున్నాడు.

ఆ రాత్రి బొమ్మ నాయనకు చూపించాము. నాయన అప్పట్లో మరొక మిల్లులో ఫిట్టరు. అటూ యిటూ తిప్పి చూచి, "ఇంట్లో ఆరుగురం వుండాము. ఇద్దరు కూర్చుంటే తక్కిన నలుగురూ వెనక పరుగెత్తాలనా?" అన్నాడు. అవ్వ నవ్వింది, చెల్లెళ్లు నవ్వారు. మేమూ నవ్వాము. బొమ్మ మాత్రం ఆఫీసు సొరుగులోకి చేరింది.

మోటారు పిచ్చి మా వూళ్లో కొత్తది కాదని పాఠకులకు మనవి చేయాలి. మనవారు జి.డి.నాయుడుగారు (1893–1974) కుర్రతనంలో ఒక దొర ఎక్కి వచ్చిన మోటారు సైకిలు చూచి, వూరు వదలి వచ్చి, హోటల్లో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొని, విప్పి మళ్లీ బిగించారని యిక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఆయనే 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని దారిలో సర్వీసు మొదలుపెట్టారు. అవినాశి రోడ్డులో ఆయన పేరిట వున్న సంస్థవారు 2015లో పాత కార్ల ప్రదర్శనశాల తెరిచారు. తరువాత తరంలో కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతోనే తక్కువ ఖర్చులో ఒంటి సీటు పందెపు కార్లు తయారుచేసి, ఎందరో కుర్రవాళ్లకు పందేలలో దారి చూపించారు. 1995లో చిన్న విమానం కూలి ఆయన పోయారు. చెట్టిపాళయంలో 2003లో వెలసిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్ పందేలలో దిగిన నరైన్ కార్తికేయన్‌దీ యీ వూరే. ఇన్ని కథల నడుమ పెరిగిన గుమాస్తాకు ఒక ఎర్ర కారు మీద ఆశ పుట్టడం తప్పా?

తప్పు కాదు గాని తీరే ఆశా కాదు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు, మా పెళ్లి, మేడ మీద రెండు గదులు, అమ్మాయి బడి ఫీజులు, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అవ్వ పోయింది. ఆ కారు కొత్తది రావడం కూడా ఆగిపోయింది. 2023లో అమ్మ పోయింది. ఆ తరువాత నాయన మాట తగ్గించేశాడు. పొద్దున కాఫీ తాగి అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేవాడు. ఏమడిగినా "సరే" అనేవాడు. ఎవరెంత పలకరించినా ఆ ఒక్క మాటే.

అప్పుడు ఒకనాడు మా శ్రీమతి, "ఏమండీ, సొరుగులో ఆ బొమ్మ యింకా వుందా?" అని అడిగింది. తన చీటీ ఎత్తింది. రెండు లక్షల ముప్పై వేలు చేతికి వచ్చింది. "ఇంట్లో నలుగురమే వున్నాము. రెండు సీట్లయితే సగం మందిమి కూర్చోవచ్చు" అన్నది. నవ్వుతూనే అన్నది గాని, ఆమె చూపు అరుగు వైపు వుంది.

సేలంలో ఒకచోట ఆ బండి వున్నదని తెలిసి పోయి చూచాము. ఎండకు రంగు వెలిసి తుప్పు రంగుకు వచ్చింది. ఫైబర్ గ్లాసుకు తుప్పు పట్టదు గనుక అది తుప్పు కాదని వెంటనే తెలిసింది. చాలాకాలం షెడ్డులో పడి వుండటంతో ఎలుకలు తీగలు కొరికాయి. పైకప్పు గుడ్డ చీలికలై వేలాడుతున్నది. అయినా ఇంజను మూడో తిప్పుకు పలికింది. బేరమాడడం మాకు చేతకాలేదు. ఇరవై అయిదేళ్లుగా కావాలనుకున్న వస్తువు ముందు నిలబడి వద్దన్నట్లు ముఖం పెట్టడం ఎవరికి చేతనవుతుంది!

బండి యింటికి వచ్చిన రోజున నాయన అరుగు మీదనుంచి లేవలేదు. రాత్రి పది గంటలకు వాకిట్లో టార్చి వెలుగు కనబడితే తొంగి చూచాము. నాయన బండి కింద తల పెట్టి పడుకుని చూస్తున్నాడు. మేము చప్పుడు చేయకుండా వెనక్కు వచ్చి పడుకున్నాము.

మరునాటి నుండి ఆదివారాలు మా చేతిలో లేవు. పగిలిన ఫైబర్ గ్లాసును వెల్డింగు చేయడానికి వీలుండదు. పగులును వాలుగా చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, గాజునారల చాప ముక్కలు పరచి, రెసిను పూయాలి. రెసినులో గట్టిపడే మందు ఎక్కువ కలిపితే అది వేడెక్కి మళ్లీ బీటలు వారుతుంది. మొదటిసారి మాకు అదే అయింది. రెండోసారి కొలత నాయన చూచాడు. పందిరి గుడ్డలు కుట్టే దర్జీ చేత కొత్త పైకప్పు కుట్టించాము. రబ్బరు గొట్టాలు, బ్రేకు ప్యాడ్లు, తీగలు మార్చాము. నాయనకు నడుమునొప్పి గనుక పక్క సీటును రెండంగుళాలు ఎత్తించి, వీపు దగ్గర దూది దట్టించాము. దిగడానికి చేతికి పట్టు దొరకాలని తలుపు లోపల తోలు పట్టీ ఒకటి బిగించాము. యీ పట్టీ నాయన తన పాత మిల్లు బెల్టు కోసి యిచ్చింది.

బండిని ముస్తాబు చేయదలచిన పాఠకులు చట్టం కూడా చూచుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పుస్తకంలో వున్న వివరాలకు, తయారీదారు యిచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా యీ మాటే గట్టిగా చెప్పింది. అంచేత ఇంజను జోలికి పోలేదు. రంగు కూడా పాత ఎరుపే వేయించాము. పదిహేనేళ్లు దాటిన బండి గనుక తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకున్నాము. ఒక మెకానిక్ కుర్రవాడు, "అణ్ణా, గర్జించే సైలెన్సరు వేయిస్తాను, వీధంతా తిరిగి చూస్తుంది" అన్నాడు. మా వీధిలో పసిపిల్లలున్నారని చెప్పి పంపాము.

ఇంత వివేకం చూపినవాళ్లం ఒక్కచోట జారిపోయాము. మెరిసే చక్రాలు, అంగుళం పెద్దవి, వెడల్పు టైర్లతో కొన్నాము. పాతవాటిని మేడ మెట్ల కింద పడవేశాము. నాయన వచ్చి టైరుకూ పైన ఒంపుకూ నడుమ వేళ్లు పెట్టి, "సందు చూస్తివా?" అన్నాడు. "కొట్టువాళ్లు చూచినారు నాయనా" అన్నాము. "సరే" అన్నాడు.

2025లో ఒక ఆదివారం కూనూరుకు ప్రయాణం కట్టాము. నాయన ఆ కొండ ఒక్కసారే ఎక్కాడు, పెళ్లయిన కొత్తలో, అమ్మతో, పొగబండిలో. పక్క సీటు మా శ్రీమతిదని అందరం అనుకున్నాము. తెల్లవారి చూస్తే ఆమె ఫ్లాస్కు తెచ్చి నాయన చేతిలో పెట్టి, "మామయ్యా, నాకు మలుపుల్లో తల తిరుగుతుంది, మీరు పోయి రండి" అన్నది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమెకు తల తిరగడం మేము ఎరగము.

అయిదింటికి బయలుదేరాము. పైకప్పు మడిచాము. తుడియలూరు, పెరియనాయకన్‌పాళయం, రంగనాథస్వామి కారమడై దాటి మేట్టుపాళయం చేరేసరికి తూరుపు తెల్లబడింది. నీలగిరికి పోయే బండ్లకు 2024 మే నుండి ఈ-పాస్ పెట్టారు. మేము ముందే తీసుకున్నాము. భవానీ నది దాటగానే గాలి మారిపోయింది. ఆకాశానికి అంటిన వక్క తోటలు రెండు వైపులా నిలిచాయి. నేలబారు బండిలో కూర్చుని తలెత్తి చూస్తే వక్కచెట్లు మన మీదుగా నడచిపోతున్నట్లుంటాయి. నాయన తలకు తువ్వాలు చుట్టుకుని పైకే చూస్తున్నాడు.

కల్లారు దాటితే కూనూరు దాకా పద్నాలుగు పెద్ద మలుపులు. మొదటిది ఎక్కాము. రెండోదానిలో స్టీరింగు పూర్తిగా తిప్పితే బరబరమన్న శబ్దం. మేము వినలేదు, ఇంజను పాట వింటున్నాము. మూడోదానిలో నాయన చేయి పైకెత్తి, "బండి నిలుపురా" అన్నాడు. దిగి చూస్తే రబ్బరు కాలిన వాసన. ఎడమ టైరు భుజం ఒంపుకు ఒరుసుకుని నూలు పోగులు బయటపడ్డాయి. ఇంకో పది మలుపులు పోయివుంటే టైరు పేలేది. పక్కన లోయ.

నాయన కోప్పడలేదు. రాతి గోడ మీద కూర్చుని ఫ్లాస్కు విప్పి మాకు కాఫీ పోసి, "స్పిండిలుకు సరిపోని బాబిను పెడితే నూలు తెగుతుంది. మిల్లులో కూర్చుని యిన్నేండ్లు లెక్క రాస్తివి, యిది చూడలేదా?" అన్నాడు. అమ్మ పోయిన తరువాత నాయన నోట మేము విన్న పొడుగు మాట అదే. ఆ మాటకు మాకు సిగ్గు వేయలేదు, కళ్ళు చెమర్చాయి. అక్కడే స్టెప్నీ వేసుకుని, మొదటి గేరులో మెల్లగా కిందికి దిగివచ్చాము.

ఆ సాయంత్రమే మెట్ల కింది పాత చక్రాలు బయటికి వచ్చాయి. నాయనా, మనవరాలూ కూర్చుని బ్రష్షుతో కడిగారు. కొత్త టైర్లు పాత కొలతకే తెచ్చాము. మెరిసే చక్రాలను కొన్నదానిలో సగం ధరకు అమ్మాము. అంతకంటే చవకగా యీ పాఠం మరెక్కడా దొరకదు.

రెండు వారాల తరువాత మళ్లీ ఎక్కాము. పద్నాలుగు మలుపులూ ఒక్క కిర్రుమన్న చప్పుడు లేకుండా తిరిగాము. ఎక్కివచ్చే బండికే దారి యివ్వాలన్నది కొండ మర్యాద. బస్సువాళ్లు కూడా ఆగి దారి యిచ్చారు. ఒక డ్రైవరు పైనుంచి చూచి సలాము కొట్టాడు. సలాము ఎర్ర రంగుకో, తువ్వాలు చుట్టుకున్న నాయనకో తెలియదు. బర్లియారు దగ్గర పండ్ల అంగళ్లు, కోతులు. అక్కడినుంచి చలి మొదలు. సీటు ఎత్తించిన రెండంగుళాల వల్ల నాయనకు తలుపు మీదుగా లోయ అడుగుదాకా కనబడుతున్నది.

కూనూరులో సిమ్స్ పార్కు చూడవచ్చు, 1874 నాటిది. మేము చూడలేదు. నాయన స్టేషనుకు పోదామన్నాడు. కల్లారు నుండి కూనూరు వరకు యీ రైలు పట్టాల నడుమ పళ్ల పట్టాలు వుంటాయి. ఇంజను కింది పంటి చక్రం ఆ పళ్లను పట్టుకుని ఎక్కుతుంది. 1899లో కూనూరు చేరిన యీ దారి 1908లో ఉదకమండలం దాకా పోయింది. 2005లో యునెస్కోవారి జాబితాకు ఎక్కింది. నాయన ప్లాటుఫారం అంచున వంగి ఆ పళ్లను చాలాసేపు చూచాడు. "నూరేండ్లకు పైనాయె. అంతా ఫిట్టింగులోనే వుంది" అన్నాడు. తరువాత ఒక బెంచీ చూపి, "మీ అమ్మ యిక్కడే కూర్చునింది. చలికి వణికి నా చొక్కా అడిగింది" అన్నాడు. మేము ఆ బెంచీ మీద కాసేపు కూర్చున్నాము.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకును నమ్ముకోకూడదు. ఒంటిగంటకు యింట్లో వున్నాము. రెండు సీట్ల బండికి తగవులు రాకుండా యిప్పుడు ఒక రిజిస్టరు పెట్టాము. ఆదివారం ఎవరి వంతో ముందుగా వ్రాసుకోవాలి. నాయన తమిళంలోనే సంతకం చేస్తాడు. వరుసగా మూడు ఆదివారాలకు చేసిపెట్టాడు. మా అమ్మాయి ఫిర్యాదు చేసింది, విచారణ జరుగుతున్నది.

మన సంఘ సభ్యులెవరైనా బండి చూడదలచుకుంటే మా యింటికి దయచేయవచ్చును. ఒక్కొక్కరుగానే రావాలి. సీటు ఒకటే ఖాళీ, అదీ మా నాయనను అడిగి.