సివిల్ చదివి ఆర్కిటెక్టా?

"ముందుగాల సివిల్ చేస్తడు, అటెన్క మాస్టర్స్‌ల ఆర్కిటెక్చర్." ఇంటర్ ఎంపీసీ పిల్లల తండ్రులు మా కొండకల్‌లో ఈ మాట ధీమాగా అంటుంటారు. రెండూ ఇళ్లు కట్టే చదువులేనని వాళ్ల లెక్క.

మన దేశంలో ఆ లెక్క కుదరదు. ఎం.ఆర్క్‌లో చేరాలంటే బి.ఆర్క్ పట్టా ఉండాలి. అది అయిదేళ్ల చదువు. నాటా గానీ జేఈఈ రెండో పేపరు గానీ రాసి చేరాలి. బీటెక్ అయ్యాక మనసు మళ్లితే మళ్లీ మొదటి ఏడాదిలో కూర్చోవాల్సిందే. 1972 నాటి చట్టం ప్రకారం ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి.

అమెరికాలో పద్ధతి వేరు. మూడేళ్ల ఎం.ఆర్క్‌కు చరిత్ర చదివినవాళ్లూ వస్తారు, సంగీతం చదివినవాళ్లూ వస్తారు. ఆర్కిటెక్ట్ జహా హదీద్ బీరూట్‌లో గణితం చదివాకే లండన్‌లో ఆర్కిటెక్చర్‌లో చేరింది; 2004లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకుంది. అమెరికాకే పోదలచుకుంటే సివిలే ఎందుకు? భూగోళం చదివినా సరే. హైదరాబాద్ జంట జలాశయాల కోసం 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసిన 1996 నాటి 111 జీవోను భూగోళం విద్యార్థి చదివే తీరు వేరుగా ఉంటుంది.

డిగ్రీ ఏదైనా, గీసినవాటి పోర్ట్‌ఫోలియో అడుగుతారు. దానికి సరుకు ఊళ్లోనే ఉంది. పాత గూనపెంకుటిల్లు చూడండి: మూరెడు మందం మట్టిగోడ, వీధివైపు అరుగు, కింద తాండూరు బండ. మే నెల మధ్యాహ్నం ఆ బండ మీద చాప పరిస్తే కునుకు పట్టేస్తుంది. పక్కనే స్లాబు ఇంట్లో కూలర్ రాత్రి పది దాటినా మొత్తుకుంటుంది. ఆ రెండిళ్లనీ టేపుతో కొలిచి, గోడ మందం, కిటికీ ఎత్తు, ఎండ పడే మూల గీసి చూపించిన పిల్లను పరీక్షకులు ఊరికే పక్కన పెట్టరు.

కాకపోతే, అమెరికాలో మూడేళ్ల ఖర్చుకు బ్యాంకు అప్పు తప్పదు. కొన్ని విశ్వవిద్యాలయాలు మన మూడేళ్ల డిగ్రీని ఒప్పుకోవు. తిరిగొచ్చాక ఆ పట్టాను ఇక్కడి కౌన్సిల్ గుర్తిస్తుందో లేదో పోకముందే కనుక్కోవాలి.

ఇంకా ఇంటర్‌లోనే ఉన్న పిల్లకు గీయడం మీద మనసుంటే నాటా రాయించండి. మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. బి.ఆర్క్ అయ్యాక అమెరికా పోతే మాస్టర్స్‌కు పట్టే కాలమూ తగ్గుతుంది, అప్పూ తగ్గుతుంది. వీసా కోసం చిలుకూరు గుడిలో చేసే ప్రదక్షిణలు మాత్రం తగ్గవు.