బిడ్డ ఒంటి మీద నల్ల మచ్చ



బక్రీదుకి వారం ముందు మా వించిపేట ఇంటి వరండాలోకి మేక వస్తుంది. పిల్లలు దాన్ని కౌగిలించుకుని వదలరు. నేను మాత్రం దాని చెవుల వెనక గోమార్లు వెతుకుతా. ఒకసారి మా పెద్దదాని మెడకి ఒకటి పట్టుకుంటే, చిన్న చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా పైకి లాగేసి సబ్బుతో కడిగా. కిరసనాయిలు పొయ్యడం, నిప్పు అంటించడం చెయ్యకూడదు. కనపడే పురుగంటే నాకు భయం లేదు. పోయిన దసరా సెలవుల్లో కనపడనిది కుట్టింది.

మా చిన్నోడికి 9 ఏళ్లు. సెలవులకి బందరు దగ్గర పల్లెలో వాళ్ల నానీ ఇంటికెళ్లాడు. నానాతో కాలవ గట్టుకెళ్లి మేకలకి గడ్డి కోయడం, అక్కడే దొర్లడం. బెజవాడ తిరిగొచ్చిన వారానికి బుఖార్. తలనొప్పి, ఒళ్లంతా దర్ద్. పరీక్ష చేసి డెంగీ కాదన్నారు. టైఫాయిడ్ అని ఒక ఆసుపత్రిలో రోజూ సూది వేశారు. 5 రోజులైనా 103 దిగలేదు. మా ఫుఫ్ఫీ నజర్ తగిలిందని మిరపకాయలు తిప్పింది. నేను సజ్దాలో పడి ఏడ్చా.

6వ రోజు మా అమ్మీ ఊరి నుంచి వచ్చింది. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తానంటే వాడు నిక్కరు పట్టుకుని వదల్లేదు.

"నా ముందు శరమేంట్రా బేటా? నీకు నీళ్లు పోసి పెంచింది నేనే కదా!"

నడుం కింద, నిక్కరు లాస్టిక్ బిగిసే చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు. చుట్టూ ఎర్రగా ఉంది. నొప్పి లేదు, దురద లేదు. అందుకే వాడు చెప్పలేదు. పెద్దోడయ్యాడని నేను స్నానం చేయించడం మానేసి ఏడాదైంది. ఆసుపత్రిలోనూ చొక్కా ఎత్తి పొట్ట నొక్కి చూశారు, అంతే.

పిల్లల డాక్టరుకి ఆ మచ్చ చూపించాం. "స్క్రబ్ టైఫస్" అన్నారాయన. నాకు టైఫాయిడ్ అనే వినపడింది. పేర్లు దగ్గరే గానీ మర్జ్‌లు వేరు. టైఫాయిడ్ పాడైన నీళ్లు, తిండి వల్ల వస్తుంది. ఇది గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగే చోట ఉండే చిగ్గర్ కుడితే వస్తుంది. గోమారికి దూరపు చుట్టమే, కానీ సూదిమొనంత ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో సైనికుల్ని పడగొట్టింది కూడా ఈ జబ్బే.

రక్తం పరీక్షకి పంపి, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. అంతకుముందు వేసిన సెఫ్ట్రియాక్సోన్ సూది ఈ జబ్బు మీద పనిచెయ్యదట. రెండో రోజుకి బుఖార్ దిగింది. అల్‌హందులిల్లాహ్! ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయని, ప్రాణమే పోవచ్చని తర్వాత చెప్పారు. దీనికి టీకా లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

అందుకే ఎహ్‌తియాత్ మన చేతిలోనే ఉంది. వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం దాకా పిల్లలు పొలానికో గట్టుకో వెళితే నిండు చేతుల చొక్కా, పైజామా, మేజోళ్లు, బూట్లు వెయ్యండి. గడ్డి మీద దుప్పటి పరవకుండా కూర్చోనివ్వకండి. ఇంటికి రాగానే ఒళ్లు రుద్ది స్నానం చేయించి, బట్టలు వేడినీళ్లలో ఉతకండి. ఇంటి చుట్టూ పొదలు, చెత్త తీసేయండి. బుఖార్ వస్తే చంకలు, గజ్జలు, నడుం, చెవుల వెనక, మోకాళ్ల వెనక వెతకండి. మచ్చ అందరికీ రాదు. కాబట్టి మచ్చ లేకపోయినా, బిడ్డ గడ్డిలో ఆడాడని డాక్టరుకి మీరే చెప్పండి.

పిల్లలకి హయా నేర్పాలి, నిజమే. కానీ జ్వరం వచ్చిన బిడ్డని తల నుంచి కాలి దాకా చూడటం తల్లి జిమ్మేదారీ. కూతుర్ని అమ్మ చూడాలి, కొడుకు అమ్మ దగ్గర సిగ్గుపడితే అబ్బా చూడాలి.

మా అమ్మీ దువా చేసింది. కానీ ముందు నిక్కరు లాస్టిక్ కిందికి జరిపి చూసింది.